స్కానరు అందరికీ, రూటు ఒక్కరికే

ఖరగ్‌పూర్‌లోని ఇందాలో తెలుగువాళ్ల ఇళ్లలో ఏ ట్రంకుపెట్టె మూత ఎత్తినా కాగితాలే. బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్నార్) రోజుల్లో వర్క్‌షాపు పనికని ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన తాతల పాసులు, పింఛను కాగితాలు, పసుపు మరకల శుభలేఖలు. పిల్లలు వీటిని స్కాన్ చేసి దాచాలనుకుంటే ఒక పాత కంప్యూటరు, దాని మీద లినక్స్, పక్కన ఓ ఫ్లాట్‌బెడ్ స్కానరు చాలు.

చిక్కల్లా ఒకటే. అడ్మిన్‌గా కూర్చుంటే కనబడే స్కానరు, మామూలు పేరుతో లాగినైతే కనబడదు. దాంతో ఎవరో ఒకరు అడ్మిన్ పాస్‌వర్డు చీటీ మీద రాసి మానిటరుకి అంటిస్తారు. ఇంజనెక్కడానికి డ్రైవరైతే చాలు, జనరల్ మేనేజరు కానక్కర్లేదు కదా! పైగా రూటుగా, అంటే అడ్మిన్‌గా, స్కాన్ చేసిన ఫైళ్లు రూటు సొంతమవుతాయి. మర్నాడు ఇంకొకరు వాటి లోపల దిద్దబోతే కుదరదు.

లినక్స్‌కి స్కానరు కూడా ఒక ఫైలే. యూఎస్‌బీ స్కానరు '/డెవ్/బస్/యూఎస్‌బీ' కింద ఉంటుంది. మామూలుగా దాని హక్కులు 664, యజమాని రూటు. అంటే తక్కినవాళ్లు చదవగలరు, రాయలేరు. స్కానరుకి ముందు ఆజ్ఞ పంపాలి, ఆజ్ఞ పంపడమంటే ఆ ఫైల్లోకి రాయడమే. అక్కడే ఆగిపోతుంది. 'సీహెచ్‌మాడ్' ఆజ్ఞతో హక్కులు మార్చేస్తే అప్పటికి పని నడుస్తుంది గానీ, తీగ పీకి మళ్లీ పెడితే ఆ ఫైలు కొత్తగా పుడుతుంది, పాత హక్కులే వస్తాయి.

ఆ పుట్టుకని చూసుకునేది 'యూడెవ్'. డెబియన్ లాంటివాటిలో స్కానర్లన్నీ నడిపే 'సేన్' అనే సాఫ్ట్‌వేరు తనకి తెలిసిన మోడళ్లకి నియమాలు ముందే రాసిపెడుతుంది. మీ మోడలు అందులో లేకపోతే 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' ఆజ్ఞ చూపించే తయారీదారు నంబరు (కెనాన్‌కి 04ఏ9), మోడలు నంబరు ఇచ్చి, గ్రూపు 'స్కానర్' అని యూడెవ్ నియమాల్లో ఒక వరుస రాస్తే చాలు.

తర్వాత మనుషుల్ని ఆ గ్రూపులో చేర్చాలి: 'యూజర్‌మాడ్ -ఏజీ స్కానర్', పక్కన యూజరు పేరు. ఆ 'ఏ' మరిచిపోతే మాత్రం ఆ మనిషి అంతకుముందున్న అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి, అడ్మిన్ పనులకి అనుమతిచ్చే 'సుడో'తో సహా. చేర్చాక లాగవుటై మళ్లీ లాగినవ్వాలి. లేదంటే ఏమీ మారనట్టే ఉంటుంది, చాలామంది విసుగెత్తి వదిలేసేది ఇక్కడే.

ఈమధ్య వచ్చిన లినక్సుల్లో ఇంత శ్రమ లేదు. సేన్‌కి తెలిసిన స్కానరైతే, కంప్యూటరు ముందు లాగినై కూర్చున్న మనిషికి సిస్టమ్ తనే అప్పటికి హక్కిచ్చేస్తుంది. దూరం నుంచి లాగినయ్యేవాళ్లకి అది వర్తించదు, వాళ్లకి గ్రూపే గతి. పక్కగదుల్లోని కంప్యూటర్లకి కూడా ఇదే స్కానరు పంచాలంటే సేన్‌లోనే 'సేన్‌డ్' అనే సర్వరు ఉంది. అది 6566 పోర్టులో వింటుంది, ఎవరెవరిని రానివ్వాలో దాని కాన్ఫిగ్ ఫైల్లో రాయాలి. సేన్‌డ్ తన పేరుతోనే ఉన్న యూజరుగా నడుస్తుంది కాబట్టి, ఆ యూజర్నీ స్కానర్ గ్రూపులో చేర్చాలి.