డెస్కులో పనిచేసే పాత్రికేయులకూ మానసిక ఆఘాతం ముప్పు

ప్రమాదస్థలికి వెళ్లిన విలేకరులకే మానసిక ఆఘాతం కలుగుతుందన్న భావన సరికాదు. ఆ దృశ్యాలను పదేపదే చూసి, ప్రసారానికి తగినవి ఎంపిక చేసే ఉపసంపాదకులకూ, వీడియో ఎడిటర్లకూ ఆ ముప్పు ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ధారణ ప్రమాణాలు టీవీలో భీకర దృశ్యాలు చూడటాన్ని సాధారణంగా ఆఘాత కారణంగా పరిగణించవు. వృత్తిరీత్యా చూడవలసివస్తే మాత్రం పరిగణిస్తాయి. నిద్రలేమి, పీడకలలు, ఆ దృశ్యాలే కళ్లముందు మెదలడం నెలకు మించి కొనసాగితే వైద్యుని సంప్రదించాలి.

నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పాత్రికేయులచే పని చేయించరాదని 1955 నాటి చట్టమే నిర్దేశించింది. ఎడిషన్ గడువు సమీపించినప్పుడు ఈ లెక్క ఎవరికీ గుర్తుండదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ (14416) ద్వారా తెలుగులోనూ, అర్ధరాత్రి విధులు ముగిశాక సైతం ఉచితంగా సలహా పొందవచ్చు.