తువాలు చాటు బేరం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపట్ల తిరునాళ్ళు వచ్చాయంటే బండలాగుడు పోటీలు ఉండి తీరవలసిందే. ఒంగోలు జాతి ఎద్దుల జత, ఇచ్చిన గడువులో బరువైన బండను ఎన్ని అడుగుల దూరం లాగితే అంత ఘనత. పాలపళ్ళ కోడెలకు ఒక పందెం, రెండు పళ్ళవాటికి ఒకటి, నాలుగు పళ్ళవాటికి మరొకటి. అయితే పందెం చూడడం ఒక ఎత్తు. పందెం లేని రోజుల్లో టీ అంగడి బెంచీల మీద సాగే చర్చ ఒక ఎత్తు.

"ఏమప్పా, ఆ నాలుగుపళ్ళ జతను అమ్మేసినారంట గదా?"

"నీకెవరు జెప్పినార్రా? బయానా మాత్రమే ఇచ్చినారు. అది గూడా వాపసు పోయిందంట."

"అట్లయితే మామా, మన ఊరోళ్ళే ఎందుకు కొనగూడదు?"

"కొనేకి దుడ్డు నువ్విస్తావా?"

ఇట్లా తెల్లవారుతుంది. పుకారుకు పుట్టినిల్లు ఎక్కడో పశువుల సంత చూచినవారికి చెప్పనక్కరలేదు. దళారి, కొనేవాడు చేతులు కలిపి పైన తువాలు కప్పుతారు. బేరమంతా దాని కింద వేళ్ళతో నడుస్తుంది. చుట్టూ మూగినవారికి కనబడేది కదులుతూన్న తువాలు మాత్రమే. వేళ్ళు కనబడవు కనుకనే నోళ్ళు ఊరుకోవు.

ఫుట్‌బాల్ లోకంలో ఇంతకన్న చాలా పెద్ద తువాలు ఉన్నది. ఐరోపాలో ఆటగాళ్ళు ఒక క్లబ్బునుంచి మరొక క్లబ్బుకు మారడానికి ఏటా రెండు గడువులు ఉంటాయి. ఆ వారాలలో ఆట ఆగినా వార్త ఆగదు. ఎవరు ఏ విమానం దిగారు, ఎవరు ఎవరితో భోజనం చేశారు అన్నదానిపై అభిమానులు రాత్రింబవళ్ళు వాదించుకుంటారు. 2017లో నేమార్ అనే బ్రెజిలు దేశపు ఆటగాణ్ణి బార్సిలోనానుంచి పారిస్ క్లబ్బు 22 కోట్ల 20 లక్షల యూరోలు పోసి తీసుకున్నది. అంత సొమ్ముకు అర్థమేమిటో మనబోటి సంసారులకు తెలియదు గాని, వాదన మాత్రం తెలుస్తుంది. అది మన టీ అంగడి వాదనే!

అయితే ఈ ముచ్చట వినడానికి పారిస్ దాకా పోనక్కరలేదు. హైదరాబాదు చాలు.

పోలీసు బట్టల్లో బంతి

ఈనాటి పిల్లలకు హైదరాబాదు అంటే క్రికెట్టు, బాడ్మింటను. వారి తాతలనడిగితే మరొక కథ చెబుతారు. 1950 మొదలు 1954 వరకు వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన జట్టు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును 1950లోను, 1954లోను, 1957లోను ఎత్తుకు వచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అదే బలగం ఆంధ్రా పోలీసు పేరుతో 1961లో మరొకసారి తెచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57లోను, 1957–58లోను వరసగా గెలుచుకుంది.

ఈ జట్టు వెనుక ఉన్నవారు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. వృత్తిచేత బడిపంతులు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో, 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారతదేశం బంగారు పతకం గెలిచినప్పుడు జట్టుకు శిక్షకుడు ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు నాలుగో స్థానం దాకా వచ్చినదీ ఆయన చేతిమీదుగానే. జకార్తాలో ఫైనలు ఆడేనాటికి ఆయన ఒంట్లో క్యాన్సరు ఉన్నది. 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో ఆయన కథ హిందీలో 'మైదాన్' పేరిట సినిమాగా వచ్చిన తరువాతగాని మనలో చాలామందికి ఆ పేరు తెలియలేదు. తెలుగు గడ్డమీది మనిషిని మనకు బొంబాయివారు పరిచయం చేయవలసి వచ్చింది, సరే.

రహీంగారి ఎంపిక పద్ధతి వినదగినది. ఆయన జట్టుకు డబ్బు సంచి లేదు. ఉన్నదల్లా పోలీసు శాఖలో ఉద్యోగం. బాగా ఆడే కుర్రవాడికి నెలజీతం, యూనిఫారం, రేపటి భరోసా. మధ్యతరగతి ఇంటికి అంతకన్న ఏం కావాలి? కుర్రవాళ్ళను వెతకడానికి ఆయన చిన్నచిన్న పోటీలు పెట్టించేవారు. ఒకదానిలో బంతిని వెంటబెట్టుకొని పరుగెత్తకూడదు, వెంటనే తోటివాడికి అందించవలసిందే. ఇంకొకదానిలో అలవాటులేని కాలితోనే తన్నాలి! వినడానికి పిల్లలాటలాగే ఉంటుంది. కాని అందులోనే ఎవడికి బుర్ర ఉన్నదో, ఎవడికి కాళ్ళు మాత్రమే ఉన్నాయో తేలిపోతుంది.

తులసీదాస్ బలరాం కథ చూడండి. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టారు. బీద ఇల్లు. ఆట చూచి రహీంగారు శిక్షణకు రమ్మంటే, అంత దూరం వచ్చి పోవడానికి చేతిలో కాసు లేదు. సైకిలు అద్దెకు తీసుకొమ్మని రహీంగారే డబ్బులిచ్చారని బలరామే ఆ తరువాత చెప్పుకున్నారు. ఆ కుర్రవాడు ఇరవయ్యో ఏట మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 1960 రోము ఒలింపిక్స్‌లో హంగరీపై ఒక గోలు, పెరూపై ఒక గోలు కొట్టాడు. ఒక సైకిలు అద్దె ఇంత పని చేసింది.

కలకత్తానుంచి వచ్చిన మనుషులు

మంచి కోడె ఎక్కడ ఉందో దళారికి తెలియకుండా ఉంటుందా? కలకత్తా క్లబ్బుల చూపు దక్షిణాదిమీద ముందునుంచీ ఉన్నదే. ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు 1949 ప్రాంతాల ముందువరుసలో ఆడిన అయిదుగురిని అక్కడి జనం 'పంచపాండవులు' అని పిలిచేవారు. అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఒక్కరూ బెంగాలీ కాదు, అంతా దక్షిణాదివారే. అందులో అప్పారావు మన ఆంధ్రుడు. ఆ రోజుల్లో క్లబ్బు వ్యవహారాలు చూచే జ్యోతిష్ గుహగారు ఆటగాళ్ళను పసిగట్టడంలో ఘటికుడు. 1957లో బలరాంకూడా ఈస్ట్ బెంగాల్ చేరారు. 1961లో ఆయన సారథ్యంలో ఆ క్లబ్బు కలకత్తా లీగు గెలిచింది.

కలకత్తాలో క్లబ్బు మారే రుతువంటే అదొక జాతర. ఆ రోజుల్లో ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషను ఆఫీసులో ఆటగాడు స్వయంగా వచ్చి సంతకం పెట్టవలసి ఉండేది. ఆ సంతకం పడేదాకా ఎవరికీ నిద్ర లేదు. ఎదుటి క్లబ్బువారు ఎత్తుకు పోతారేమోనని ఆటగాణ్ణి ఏ స్నేహితుడి ఇంట్లోనో, ఏ ఊరవతల తోటలోనో దాచేవారట. పెళ్ళికొడుకును విడిదింట్లో దాచినట్టు! బయట వీధిలో జనం. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇళ్ళల్లో పులస చేప కూర, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు అన్నంత పట్టుదల గల ఊరు అది. ఏ ఆటగాడు ఎటు పోతే ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతుందో అన్నది నిజంగా సంసారపు ప్రశ్నే.

హైదరాబాదునుంచి పోయినవారిలో మహమ్మద్ హబీబ్‌ది ప్రత్యేకమైన దారి. 1966లో ఈస్ట్ బెంగాల్ చేరారు. తరువాత మోహన్ బగాన్, మళ్ళీ ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగు – ముగ్గురికీ ఆడారు. తక్కిన ఆటగాళ్ళు రైల్వేలోనో, బ్యాంకులోనో ఉద్యోగం సంపాదించుకొని సాయంత్రం ఆడేవారు. ఆయన మాత్రం వచ్చిన ఉద్యోగాలు కాదని బంతినే నమ్ముకొని బతికారు. 1977 సెప్టెంబరులో పీలే ఆడిన న్యూయార్కు కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2–2తో నిలిచినప్పుడు అందులో ఒక గోలు హబీబ్‌ది.

"పోనీ, మనవాళ్ళు బాగుపడ్డారు గదా, ఏడుపెందుకు?" అని అడిగేవారుంటారు. ఏడుపు కాదు. పెద్ద ఊళ్ళో పెద్ద ఆట ఆడాలని ఏ కుర్రవాడికి ఉండదు? పోయినవాడిని తప్పుపట్టడం అన్యాయం. నా అనుమానమల్లా అమ్మినవారి మీద కాదు, మేపినవారి తరువాత ఎవరు మేపారన్నదాని మీద. రహీంగారు పోయిన తరువాత కూడా కొంతకాలం పాత సత్తువతో బండి నడిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత పోలీసు శాఖలో ఆటగాళ్ళకు ఉద్యోగాలు తగ్గుతూ వచ్చాయి. స్థానికపు లీగు సన్నగిల్లింది. చిన్న పోటీలు పెట్టించే మనిషి లేకపోయాడు. కొనేవాడు వస్తూనే ఉన్నాడు, దొడ్డిలో దూడ మాత్రం లేదు.

జట్టే వలస పోయిన వేళ

మళ్ళీ 2019లో ఆశ చిగిర్చింది. ఇండియన్ సూపర్ లీగులో పూనా జట్టు మూతపడగా ఆ స్థానం హైదరాబాదుకు వచ్చింది. పేరు హైదరాబాద్ ఎఫ్‌.సి. మొదటి ఏడు అట్టడుగున నిలిచింది. ఆ మరుసటి ఏడు మనోలో మార్కెజ్ అనే స్పెయిను దేశపు శిక్షకుడు వచ్చి, డబ్బు వెదజల్లక, పేరులేని కుర్రవాళ్ళను నమ్మాడు. లిస్టన్ కొలాసో, ఆశీష్ రాయ్, ఆకాశ్ మిశ్రా అట్లా పైకి వచ్చినవారే. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనలులో కేరళ జట్టుపై పెనాల్టీ కిక్కులతో గెలిచి హైదరాబాదు ఛాంపియను అయింది. గోలుకీపరు కట్టిమణి మూడు కిక్కులు ఆపాడు!

ఇక్కడొక చిత్రం. కరోనా మూలంగా ఆ ఏడాది ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. కనుక ఛాంపియను అయిన జట్టు ఆ ఏడాది హైదరాబాదులో ఒక్క ఆటైనా ఆడలేదు. ఇంకొక చిత్రం: ఫైనలుకు దిగిన పదకొండుమందిలో తెలుగు కుర్రవాడు ఒక్కడూ లేడు.

అభిమానుల చర్చలు మాత్రం పాత బాణీలోనే సాగాయి. 2021లో లిస్టన్ కలకత్తాకు పోయాడు, మోహన్ బగాన్‌కు. 2022లో ఆశీష్ కూడా అక్కడికే. 2023లో ఆకాశ్ బొంబాయి చేరాడు. "అమ్మి మంచి పని చేశారు, ఆ సొమ్ముతో ఇంకా ముగ్గుర్ని పెంచవచ్చు" అని ఒకరు. "పెంచినవాణ్ణి అమ్ముకునే క్లబ్బు క్లబ్బేనా?" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. ఎవరు పోతారు, ఎవరు వస్తారు అని వాదించుకుంటూ ఉండగానే అసలు ఇల్లు కూలడం మొదలైంది. 2023–24లో జీతాలు అందక విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. కొత్తవారిని తీసుకోకూడదని ఫిఫా నిషేధం పడింది. మిగిలిన కుర్రవాళ్ళతో జట్టు చివరి స్థానంలో నిలిచింది. యాజమాన్యం చేతులు మారింది. చివరకు 2025లో క్లబ్బుకు క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరుకూడా మార్చుకుంది. ఆటగాడి బదిలీమీద వాదించుకుంటున్న అభిమానికి, జట్టే బదిలీ అయిపోయింది. పూనానుంచి వచ్చినది ఢిల్లీకి పోయింది. మధ్యలో మన ఊరు ఒక మజిలీ. ఏ చొక్కా కొని తొడుక్కున్నాడో ఆ చొక్కాకు ఇప్పుడు జట్టు లేదు.

మరి జమ్మలమడుగులోనో, పులివెందులలోనో బడి మైదానంలో బంతి తన్నే పిల్లవాణ్ణి ఎవరు చూస్తారు? పక్కనున్న అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టువారు పెద్ద క్రీడాగ్రామం కట్టి, పల్లెటూరి మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చారు. కడపలో క్రీడా పాఠశాల ఉన్నది. కాని నేర్చిన పిల్లవాడు పదహారేళ్ళ తరువాత ఏ జట్టులో ఆడాలి, ఏ లీగులో ఆడాలి అన్నదానికి మన జిల్లాలో జవాబు చెప్పగలవారు తక్కువ. ఎద్దుల విషయంలో మనవాళ్ళు ఇంత అమాయకులు కారు. పాలపళ్ళ కోడెలకు వేరే పందెం పెట్టడంలోని తెలివి అదే గదా! పళ్ళు ఊడి, కొత్త పళ్ళు వచ్చి, నాలుగు తిరునాళ్ళు తిరిగినదాకా దాని ఈడువాటితోనే లాగిస్తారు. రహీంగారి చిన్న పోటీలు కూడా పాలపళ్ళ పందేలే.

బలరాం మళ్ళీ ఇటు రాలేదు. బెంగాలులోనే ఉత్తరపాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. హబీబ్ హైదరాబాదుకు తిరిగి వచ్చారు. ఆ ఏడాదే ఆగస్టు 15న, జెండా పండుగ నాడు, ఈ ఊళ్ళోనే పోయారు. అప్పుడు ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు.