పిలవని ప్రకటనలు

సంఘం ఆఫీసులో కంప్యూటర్ ఉంది. గూగుల్ తెరిస్తే వేరే పేజీ వస్తోంది. కందుల ధర వెతికితే లోన్ల ప్రకటన పడుతోంది. ఒకటి మూస్తే ఇంకోటి. మిషన్ పాడైందని అనుకోకండి. దానిలో యాడ్‌వేర్ చేరి ఉంటుంది.

ఇది తలుపు పగలగొట్టి రాదు. పాటలకనో, ఆటలకనో ఉచిత ప్రోగ్రాం దించుకుంటారు కదా, దాని వెంట వస్తుంది, బియ్యంలో రాళ్లలాగ. చదవకుండా 'నెక్స్ట్, నెక్స్ట్' అని నొక్కితే ఒప్పుకున్నట్టే. ప్రకటన చూపిస్తే దాన్ని చేసినవాళ్లకు డబ్బు ముడుతుంది. 2017లో ఫైర్‌బాల్ అనేది ఇలాగే వచ్చింది. 25 కోట్ల కంప్యూటర్లలో చేరిందని చెక్ పాయింట్ సంస్థ చెప్పింది. అంత లేదని మైక్రోసాఫ్ట్ అంది. ఎంతైనా తక్కువేం కాదు.

మరి తీసెయ్యడం ఎలా?

కంప్యూటర్ సెట్టింగ్స్‌లో యాప్స్ చూడండి. ఎవరూ పెట్టని పేరు కనబడితే అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. తర్వాత క్రోమ్ తెరవండి. పైన కుడివైపు మూడు చుక్కలుంటాయి. అందులో ఎక్స్‌టెన్షన్స్ ఉంటాయి. తెలియనివి తీసెయ్యండి. అప్పటికీ పోలేదా? క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంది. భయం లేదు, దాచుకున్న పాస్‌వర్డులు పోవు. చివరికి విండోస్ సెక్యూరిటీతో స్కాన్ చేయండి. ఇదంతా అయ్యేదాకా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పని పెట్టుకోవద్దు.

ఒక్కోసారి తెర నిండా ఎర్రగా వస్తుంది. "వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఉంటుంది. చేయొద్దు. అది మోసం. ఫోన్ చేస్తే తియ్యగా మాట్లాడి ఓటీపీ అడుగుతారు. పొరపాటున చెప్పి డబ్బు పోతే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.