ప్రయాణపు నీటి ఫిల్టరు: దాని ఆయువు

చల్లపల్లి నుండి మోపిదేవి, అవనిగడ్డ, కోడూరుల మీదుగా హంసలదీవికి మాఘపూర్ణిమనాడు వేలకొలది జనులు పోవుదురు. సాగరసంగమమున స్నానము సరే, త్రాగుట కేమి? కాలువలున్నవి, కాని వానిలో పశువులును దిగును. సంచిలో ఇమిడెడి చిన్న ఫిల్టరు నేడు అంగళ్ళలో దొరకుచున్నది. దానిని కొనువారే కాని, కడుగుటయు మార్చుటయు ఎరిగినవారు మేము చూచినంతలో తక్కువ.

ఇందు రెండు రకములు. మట్టిని కాల్చి చేసిన క్యాండిలు పాతది. 1884లో పాశ్చరు ప్రయోగశాలలో షాంబెర్లాన్ చేసిన పింగాణి గొట్టము దీనికి పెద్దన్న వంటిది. రెండవది బోలు పోగులది. సేమియా వంటి ఆ పోగుల గోడలలోని రంధ్రము మిల్లీమీటరులో పదివేలవ వంతు. కలరా సూక్ష్మజీవి వెడల్పు దానికి ఇంచుమించు అయిదు రెట్లు, కావున దాటజాలదు. వైరసులు మాత్రము దాటును. 1892లో ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు ఆకుల రసమును షాంబెర్లాన్ గొట్టములో వడగట్టినను, ఆ రసము తెగులు నంటించుట మానలేదు. పచ్చకామెర్లను తెచ్చు వైరసులును అట్టివే. అనుమానమున్న నీటిని వడగట్టిన పిదప ఒక నిమిషము సళసళ మరిగింపవలెను.

దివిసీమ వారికి మరియొక మాట. కరిగిన ఉప్పును ఈ రెండును ఆపలేవు. 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో బావులు, చెరువులు సముద్రపు నీటి పాలైనవి. అట్టి నీటిని నూరుసార్లు వడగట్టినను ఉప్పనే.

వరదకాలపు ఎర్రనీటిని తిన్నగా పోయరాదు. పెద్దలు చేసినట్లు చిల్లగింజను కడవలో అరగదీసి, తేట తేరిన నీటిని గుడ్డతో వడగట్టి పోసినచో ఫిల్టరు చాలకాలము మన్నును. బోలు పోగుల దానిలోనికి, వాడిన ప్రతిదినమును, సిరంజితో శుభ్రమైన నీటిని వెనుక నుండి త్రోయవలెను. క్యాండిలును మెత్తని బ్రష్షుతో వట్టి నీటిలో రుద్దవలెను. సబ్బు కూడదు, రంధ్రములలో దూరి నిలుచును.

ధార మందగించినచో భయము లేదు, అది మురికి పట్టిన గుర్తు. కడుగకుండగనే మందధార హఠాత్తుగా జోరందుకొన్నచో భయపడవలెను; ఎక్కడనో చీలినది. వెంట్రుక వాసి బీట కనబడినను క్యాండిలును పారవేయవలసినదే. బదరీ కేదారములకు పోవువారు రాత్రులందు పోగుల ఫిల్టరును దుప్పటిలో పెట్టుకొని పండుకొనవలెను. లోపలి తడి గడ్డకట్టినచో పోగులు పగులును, పైకి ఆనవాలుండదు. ఒకసారి గడ్డకట్టిన దానిని మరల వాడరాదు. బొగ్గు కలిగిన వానిలో నీటి వాసన తిరిగి వచ్చుటయే బొగ్గు మార్చుటకు గుర్తు.

ఇల్లు చేరిన పిమ్మట కడిగి, నీడలో బాగుగా ఆరనిచ్చి దాచవలెను. తడిదానిని డబ్బాలో మూసిపెట్టినవారు మరుసటి మాఘమున మూత తీయునప్పుడు ముక్కు మూసికొందురు.