ఇరవై నిమిషాల రోజు

ఒక పగలు, ఒక రాత్రి కలిస్తే 24 గంటలు. ఈ లెక్క మీకు చిన్న తరగతుల్లోనే చెప్పి ఉంటారు. మనం తొందరపడినా, బతిమాలినా ఈ లెక్క మారదు. సూర్యుడు తన వేళకే ఉదయిస్తాడు, తన వేళకే అస్తమిస్తాడు.

కాని 20 నిమిషాలకే ఒక రోజు పూర్తయిపోయే లోకం ఒకటుంది. మీరు అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చేలోగా అక్కడ పొద్దు పొడిచి, నడినెత్తికి ఎక్కి, వాలిపోయి, చీకటి కూడా పడిపోతుంది! ఆ లోకం పేరు మైన్‌క్రాఫ్ట్. అదొక వీడియో ఆట. స్వీడన్ దేశానికి చెందిన మోజాంగ్ సంస్థ దాన్ని 2011లో పూర్తి రూపంలో విడుదల చేసింది.

ఆ 20 నిమిషాల్లో పగలు 10 నిమిషాలు, రాత్రి 7 నిమిషాలు. సంధ్యవేళకు ఒకటిన్నర, తెల్లవారుజాముకు ఒకటిన్నర. అంటే అక్కడి కాలం మన కాలంకన్నా 72 రెట్లు వేగంగా పరుగెడుతుందన్నమాట.

ఆట ఆడుకోవడానికి వెలుతురు ఉంటే చాలు కదా, చీకటి ఎందుకు? ఉన్నా, అది ఇంత తొందరగా ఎందుకు రావాలి? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే కొంత గణితం, కొంత భౌతికశాస్త్రం, మన కంటిని గురించిన ఒక చిత్రమైన సంగతి కూడా తెలుస్తాయి.

చీకటి చేసే పని

మైన్‌క్రాఫ్ట్‌లో పగటిపూట ఆటగాడు నిశ్చింతగా తిరుగుతాడు. చెట్లు కొడతాడు, రాళ్లు తవ్వుతాడు, ఇల్లు కట్టుకుంటాడు. చీకటి పడితే జోంబీలు, అస్థిపంజరాలు బయలుదేరతాయి. తెల్లవారి ఎండ తగిలితే అవి మంటలంటుకుని కాలిపోతాయి.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. "జాగ్రత్త, ఇంటికి పో" అని ఆటలో ఎవరూ చెప్పరు. పడమటి వైపు వాలుతున్న సూర్యుడే ఆ మాట చెబుతాడు. పొద్దు వాలేసరికి పశువులను ఊరివైపు మళ్లించే కాపరికి గడియారం అక్కరలేనట్లే, ఈ ఆటగాడికీ అక్కరలేదు. ఇంకాసేపు తవ్వుదామా, వెనక్కి పోదామా అని అతడే తేల్చుకోవాలి. ఆటలో రసమంతా ఆ తేల్చుకోవడంలోనే ఉంది. ఎప్పుడూ పగలే అయితే తొందర ఉండదు, తొందర లేకపోతే ఇల్లు కట్టుకోవలసిన అవసరమూ ఉండదు.

చీకటిని కొలవడానికి ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. వెలుతురుకు 0 నుంచి 15 వరకు మెట్లు పెట్టారు. పట్టపగటి ఎండ 15. కాగడా వెలుగు 14. కాగడా నుంచి ఒక్కొక్క గడి దూరం జరిగేకొద్దీ ఒక్కొక్క మెట్టు తగ్గుతుంది. అంటే ఏడు గడుల దూరంలో వెలుతురు 7 అవుతుంది, పద్నాలుగు గడుల దూరంలో 0 అవుతుంది.

మొదట్లో వెలుతురు 7 గాని, అంతకన్నా తక్కువగాని ఉన్న చోట రాక్షసాలు పుట్టేవి. 2021 చివర ఈ నియమాన్ని మార్చారు. ఇప్పుడు కాగడా, దీపం వంటివాటి వెలుతురు 0 అయిన చోటనే పుడతాయి. దీనివల్ల ఏం జరిగిందో మీరే లెక్కకట్టండి. ఇదివరకు కాగడా చుట్టూ ఆరు గడుల దాకానే భద్రత. ఇప్పుడు అదే కాగడా పదమూడు గడుల దాకా కాపాడుతుంది! ఒక్క అంకె మారితే రాత్రి స్వభావమే మారిపోయింది.

నిజం వెలుతురు ఇలా మెట్టుమెట్టుగా తగ్గదు. దీపానికి రెండింతల దూరం పోతే వెలుతురు నాలుగో వంతు అవుతుంది, మూడింతల దూరం పోతే తొమ్మిదో వంతు అవుతుంది. దీన్ని విలోమవర్గ నియమం అంటారు. ఆటలో ఒక్కొక్కటిగా తీసివేయడం తేలిక కనుక ఆ పద్ధతి పెట్టుకున్నారు.

ముగ్గు అదే, రంగులు వేరు

ఆటల్లో రాత్రి కొత్తగా వచ్చింది కాదు. 1984లో బ్రిటన్‌లో స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్ కోసం రెండు పేరుపొందిన ఆటలు వచ్చాయి. "ద లార్డ్స్ ఆఫ్ మిడ్‌నైట్" అనే ఆటలో పగలు మీ వీరులు నడుస్తారు, రాత్రి శత్రుసేనలు నడుస్తాయి. అంటే రాత్రి ఎదుటివాడి వంతు అన్నమాట. "నైట్ లోర్" అనే మరో ఆటలో రాత్రి కాగానే కథానాయకుడు తోడేలు మనిషిగా మారిపోతాడు. తెర అడుగున చిన్న కిటికీలో సూర్యుడు, చంద్రుడు ఒకరి తరవాత ఒకరు జరిగిపోతూ ఉంటారు. శాపం పోగొట్టుకోవడానికి అతడికి 40 రోజులే గడువు.

1987లో జపాన్‌కు చెందిన కొనామి సంస్థ "కాసిల్‌వేనియా" ఆటలో రెండో భాగాన్ని తెచ్చింది. అందులో చీకటి పడితే ఊళ్లో జనం తలుపులు వేసుకుంటారు, దుకాణాలు మూసేస్తారు, రాక్షసాల బలం పెరుగుతుంది.

ఆ రోజుల్లో ఆట యంత్రాల జ్ఞాపకశక్తి చాలా తక్కువ. ఒకే ఊరి బొమ్మను పగటికొకటి, రాత్రికొకటి చొప్పున రెండుసార్లు దాచుకునే చోటు ఉండేది కాదు. మరి ఎలా చేశారు?

జపాన్ వాళ్ల ఆ ఆట యంత్రంలో బొమ్మలోని ప్రతి చుక్కకూ నేరుగా రంగు రాసి ఉండదు. 0, 1, 2, 3 అంకెల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఏ అంకెకు ఏ రంగో చెప్పే చిన్న పట్టిక విడిగా ఉంటుంది. పగలు "1 అంటే లేత ఆకుపచ్చ" అని ఉన్న చోట రాత్రి "1 అంటే ముదురు నీలం" అని మారిస్తే చాలు. బొమ్మలో ఒక్క చుక్కనైనా ముట్టుకోకుండా ఊరంతా చీకటి పడుతుంది. ముగ్గు చెరపకుండా రంగులు మాత్రం మార్చినట్టు అన్నమాట.

శేషంలో దాగిన సూర్యుడు

ఆట లోపల గడియారం ఎలా నడుస్తుందో చూద్దాం. మైన్‌క్రాఫ్ట్‌లో కంప్యూటర్ సెకనుకు 20 సార్లు లెక్క పెడుతుంది. 20 నిమిషాలంటే 1200 సెకన్లు. కాబట్టి ఒక రోజుకు 24,000 లెక్కలు. ఆ లోకంలో ఒక గంటకు సరిగ్గా 1000 లెక్కలు వస్తాయి. రోజు మొదలు ఉదయం 6 గంటలు.

ఆట మొదలై 1,00,000 లెక్కలు అయ్యాయనుకోండి. ఇప్పుడు వేళ ఎంత? 1,00,000ను 24,000తో భాగించండి. భాగఫలం 4, శేషం 4000. నాలుగు రోజులు గడిచాయి, అయిదో రోజు మొదలై నాలుగు గంటలయింది. అంటే ఉదయం 10 గంటలు! భాగహారం చేసేటప్పుడు మీరు విసుక్కుంటూ పక్కన రాసే ఆ శేషమే ఇక్కడ సూర్యుణ్ణి నడిపిస్తోంది.

వేళ తెలిసిందంటే మిగతాదంతా తేలికే. సూర్యుడు ఆకాశంలో ఎక్కడ ఉండాలో, ఆకాశం రంగు పగటి నీలానికీ రాత్రి నలుపుకూ మధ్య ఎంత పాళ్లలో ఉండాలో ఆ అంకెను బట్టే తేలుస్తారు.

ఇంకో తమాషా చూడండి. మన లోకంలో తిరిగేది భూమి. ఆట లోకంలో భూమి కదలదు, సూర్యచంద్రులే చుట్టూ తిరుగుతారు. పూర్వం టోలెమీ నమ్మిన విశ్వం ఇలాంటిదే. క్రీ.శ. 499లో మన ఆర్యభటుడు భూమే తిరుగుతోందని రాశాడు. ఆ సంగతి ఆట తయారుచేసేవాళ్లకు తెలియక కాదు. భూమినంతా తిప్పడంకన్నా ఒక దీపాన్ని తిప్పడం తేలిక కనుక అలా చేస్తారు.

రాత్రి నీలంగా ఎందుకు?

ఆటల్లో రాత్రి దృశ్యాలు తరచు నీలంగా ఉంటాయి. పూర్తిగా నల్లగా చేస్తే ఆటగాడికి ఏమీ కనబడదు కదా! అందుకని కొంత వెలుతురు ఉంచి, నీలం కలుపుతారు. సినిమాల్లో కూడా పగలే చిత్రీకరించి, నీలం వన్నె తెచ్చి, రాత్రిగా చూపించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

అయితే నీలమే ఎందుకు? వెన్నెల నీలం కాదు. అది చంద్రుడి మీద పడి తిరిగివచ్చిన ఎండే. కిటుకు మన కంట్లో ఉంది. కంటి నేత్రపటలంలో రెండు రకాల కణాలున్నాయి. శంకుకణాలు మంచి వెలుతురులో పనిచేసి రంగులు చూపిస్తాయి. దండకణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి, కాని రంగులు విడదీయలేవు. ఈ దండకణాలకు నీలం, ఆకుపచ్చల వైపు కాంతి బాగా తెలుస్తుంది, ఎరుపు దాదాపు తెలియదు. అందుకే చీకటి పడేటప్పుడు ఎరుపు ముందుగా నల్లబడుతుంది. 19వ శతాబ్దం మొదట్లో ఈ సంగతి గమనించినవాడు చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే. ఆయన పేరుతోనే దీన్ని పుర్కిన్యే ప్రభావం అంటున్నారు.

నిజం గడియారం, నిజం ఎండ

కొన్ని ఆటలు మన కాలాన్నే వాడుకుంటాయి. 1999లో జపాన్‌లో వచ్చిన "పోకెమాన్ గోల్డ్", "సిల్వర్" ఆటల కార్ట్రిడ్జ్‌లో నిజమైన గడియారం ఉంది. మీ ఇంట్లో రాత్రి అయితే ఆటలోనూ రాత్రే. హూట్‌హూట్ అనే గుడ్లగూబ కావాలంటే చీకటి పడేదాకా ఆగవలసిందే. ఆ గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ వింత అంకె ఎందుకంటారా? దాన్ని సగం, మళ్లీ సగం చేస్తూ పదిహేను సార్లు సగం చేయండి. సరిగ్గా 1 వస్తుంది, అంటే సెకనుకు ఒక దెబ్బ! యంత్ర యుంత్రం అడిగే చిన్న బ్యాటరీ అయిపోతే ఆ గడియారమూ ఆగిపోతుంది.

2003లో కొనామి తెచ్చిన "బోక్టాయ్" ఇంకా వింతైనది. దాని కార్ట్రిడ్జ్‌కు వెలుతురును పసిగట్టే సాధనం అమర్చారు. ఆటలోని ఆయుధానికి శక్తి కావాలంటే పిల్లవాడు యంత్రం పట్టుకుని నిజంగా ఆరుబయట ఎండలోకి పోవలసిందే!

"ఇంకొక్క రోజు"

చివరగా ఒక సంగతి. 2016లో వచ్చిన "స్టార్‌డ్యూ వ్యాలీ" అనే వ్యవసాయపు ఆటలో ఒక రోజు సుమారు 14 నిమిషాలు. పాత్ర పడుకుని రోజు ముగిస్తేనే అప్పటిదాకా చేసిన పని భద్రమవుతుంది. మధ్యలో ఆపితే ఆనాటి పని పోతుంది. అందుకని ఆడేవాళ్లు రోజు పూర్తిచేస్తారు. తెల్లవారగానే నిన్న నాటిన మొక్క ఎలా ఉందో చూడాలనిపిస్తుంది. "ఇంకొక్క రోజు" అనుకుంటారు. అలాంటి నాలుగు రోజులకు దాదాపు ఒక గంట పోతుంది! హోంవర్కు పుస్తకం బల్లమీద అలాగే ఉంటుంది.

చిన్న రోజులు మనసును ఇలా పట్టి లాగుతాయి. ఆ లాగుడు ఎక్కడినుంచి వస్తోందో తెలిసినవాడు ఆటను హాయిగా ఆడగలడు, హాయిగా ఆపగలడు కూడా. ఆటలో మంచం ఎక్కితే రాత్రి క్షణంలో గడిచిపోతుంది. మన రాత్రిని అలా దాటవేయలేం. మన ఒంటికి దాని నిద్ర దానికి కావాలి.

మీరే చేసి చూడండి

సాయంత్రం పెరట్లో ఎర్రమందార పువ్వు ముందు కూర్చోండి. దీపాలు వేయకండి. వెలుతురు బాగా ఉన్నప్పుడు పువ్వు ఆకులకన్నా మెరుస్తుంది. మసకబడేకొద్దీ అయిదేసి నిమిషాలకు ఒకసారి చూసి రాసుకోండి. ఒక దశలో పువ్వు నల్లబడి, ఆకులే తేటగా కనిపిస్తాయి. ఆ మార్పు ఎన్ని గంటలకు వచ్చింది? మీ స్నేహితుడికీ అదే వేళకు వచ్చిందా? ఇద్దరూ సరిచూసుకోండి.