ఆర్‌సీ కారుకి బ్రష్‌లెస్ మోటార్: కేవీ ఎంత ఉండాలి, పినియన్‌కి ఎన్ని పళ్లు ఉండాలి?

"అన్నా, ఎక్కువ కేవీ మోటార్ వేస్తే కారు స్పీడ్ పెరుగుతుందా?" అని చాలామంది అడుగుతున్నారు. పెరుగుతుంది. కానీ ఆ ఒక్క అంకె చూసి కొంటే మోటార్ కాలిపోతుంది. నేను ఒకటి అలాగే కాల్చుకున్నాను కాబట్టి చెప్తున్నా.

ముందు కేవీ అంటే ఏంటో చూద్దాం. ఇది కిలోవోల్ట్ కాదండి. లోడ్ లేనప్పుడు ఒక్క వోల్ట్‌కి మోటార్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే కేవీ. 3300 కేవీ మోటార్‌కి 2ఎస్ లైపో, అంటే 7.4 వోల్ట్‌లు ఇస్తే 24,420 చుట్లు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి ఉంది. కేవీ పెరిగేకొద్దీ ఒక్కో ఆంపియర్‌కి వచ్చే టార్క్ తగ్గుతుంది. అందుకే బరువైన 1/8 బగ్గీలకి 2000 కేవీ దగ్గర్లో ఉన్న పెద్ద మోటార్, 4ఎస్ బ్యాటరీ వేస్తారు. 1/10 కారుకి 3650 సైజు, అంటే 36 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల పొడవు ఉన్న మోటార్ మామూలుగా సరిపోతుంది.

ఇప్పుడు గేరింగ్. స్పర్ పళ్లని పినియన్ పళ్లతో భాగించి, కారు లోపలి రేషియోతో గుణించాలి. స్పర్ 80, పినియన్ 20, లోపలి రేషియో 2.5 అనుకోండి. మొత్తం 10. అంటే మోటార్ పది చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. టైరు వ్యాసం 100 మిల్లీమీటర్లు అయితే లెక్క ప్రకారం గంటకి 46 కిలోమీటర్లు వస్తుంది. గ్రౌండ్‌లో ఇంతకంటే తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ లోడ్ ఉంటుంది.

సరే, 20 తీసేసి 24 పళ్ల పినియన్ వేశాం. స్పీడ్ 55 అయింది. బాగుంది కదా! కానీ కారుని అదే జోరుతో లాగాలంటే మోటార్ 20 శాతం ఎక్కువ కరెంట్ తీసుకోవాలి. వైండింగ్‌లో వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 44 శాతం ఎక్కువ. నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. మే నెల ఎండలో, గడ్డి గ్రౌండ్‌లో, 2ఎస్ తీసి 3ఎస్ పెట్టి, పినియన్ కూడా పెంచాను. ఐదు నిమిషాల్లో వాసన, ఆ వెంటనే పొగ. మూడు నెలలు దాచుకున్న డబ్బు పోయింది.

3ఎస్ పెడితే పినియన్ తగ్గించాలండి. ఇదే కారుకి 15 పళ్లు వేసినా లెక్కలో 52 వస్తుంది. పెద్ద టైర్లు వేసినా పినియన్ పెంచినట్టే, అది మర్చిపోవద్దు. ఈఎస్‌సీ కూడా ఆ వోల్టేజ్‌కి, ఆ కరెంట్‌కి సరిపోయేదే ఉండాలి.

కొత్త గేరింగ్ వేశాక మూడు నిమిషాలు నడిపి ఆపండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో మోటార్ వేడి చూడండి. 70 డిగ్రీల లోపు ఉంటే పర్లేదు. 80 దగ్గరికి వస్తే ఒకటి రెండు పళ్లు తగ్గించండి. వేడి మితిమీరితే లోపలి అయస్కాంతం బలం తగ్గిపోతుంది, చల్లారినా మళ్లీ రాదు.

పినియన్ కొనేటప్పుడు పిచ్, షాఫ్ట్ సైజు రెండూ సరిచూసుకోండి. బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, బిగించాక తీసేయండి. గ్యాప్ సరిగ్గా కుదురుతుంది.

మొదట చిన్న పినియన్‌తో మొదలుపెట్టి, వేడి చూసుకుంటూ ఒక్కో పన్ను పెంచుకోండి. పినియన్ ఖర్చు మోటార్ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. వచ్చే ఎపిసోడ్‌లో సెన్సర్డ్, సెన్సర్‌లెస్ మోటార్ల తేడా మాట్లాడుకుందాం. ఉంటానండి.