బొంబాయి మిల్లు కార్మికుల ఆగ్రహము

ప్రజాగ్రహమును మన విద్యావంతులు తరచుగా గాలివానతో పోల్చుచుందురు. గాలివానకు న్యాయాన్యాయములు లేవు. అది దాటిపోయిన పిమ్మట ఎగిరిన పెంకులు సరిచేసికొనుటయే పని. 1982 జనవరి 18వ తేదీన బొంబాయిలో ఆరంభమైన నూలుమిల్లుల సమ్మెను గూర్చియు ఇట్లే చెప్పుట పరిపాటియైనది. దుడుకుగల నాయకుడొకడు, మొండిపట్టు పట్టిన కూలీలు, మూతపడిన మిల్లులు - ఇంతతో కథ ముగించుచున్నారు. ఈ కథనముతో మేమేకీభవింపజాలము.

ఆ సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొనిరి. జీతములు పెరుగవలెననియు, బద్లీలను ఖాయపరుపవలెననియు వారి కోరిక. బద్లీ యనగా ఖాయపు మనిషి రాని దినమున మాత్రమే పని దొరకువాడు. తెల్లవారుజామున మిల్లు గుమ్మమున నిలిచి, పిలుపు రానిచో ఇల్లు చేరువాడు. ఏండ్ల తరబడి ఇట్లు నిలిచినవారనేకులు. అయినను కోపమునకు వేరు కూలిరేట్లలో గాక, 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధముల చట్టములో నున్నదని మా యభిప్రాయము. ఆ చట్టము ఒక ప్రాంతమున ఒక పరిశ్రమకు ఒకే ప్రతినిధి సంఘమును గుర్తించెను. ఆ హోదా కార్మికుల ఓటును బట్టి గాక, సభ్యత్వపు లెక్కలను బట్టి లభించునది. నూలుమిల్లులలో కాంగ్రెసుకు సన్నిహితమగు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘమునకది దక్కినది. 1981 దీపావళి బోనసు విషయమున ఆ సంఘము చేసికొనిన ఒప్పందము రుచింపక, కార్మికులు డాక్టరు దత్తా సామంతు నాశ్రయించిరి. చట్టమున కాయన కానరాలేదు. మన పాఠకులలో న్యాయవాదులు పెక్కురు గలరు. కక్షిదారునకు తన వకీలును మార్చుకొను స్వేచ్ఛ లేని న్యాయస్థానమును వారూహింపగలరా?

నాడు కేంద్రమునందును రాష్ట్రమునందును కాంగ్రెసు ప్రభుత్వములే. సామంతుతో రాజీపడుటకవి సమ్మతింపలేదు. నాయకత్వము పొరపాట్లు చేయలేదని మా వాదము కాదు. యంత్రములు పాతబడిన మిల్లులు కొన్నింటికి మూత ఏమంత కష్టము కాదను సంగతిని సామంతు చాలినంతగ లెక్కింపలేదు.

ఈ వ్యవహారమున తెలుగువారికొక ప్రత్యేక సంబంధము గలదు. బొంబాయి కట్టడములకు రాళ్లు మోసిన తెలుగు కామాటీల పేరే కామాటిపురమునకు నిలిచినది. తెలంగాణపు పద్మశాలీలు చేమగ్గములు విడిచి మిల్లులలో చేరిరి. వారి బంధువర్గమే కొంత భివండిలో పవర్‌లూమ్ షెడ్లను నమ్ముకొని బ్రదుకుచుండెను. సమ్మె కాలమున మిల్లు యజమానులు ఆ భివండి మగ్గములపైననే బట్ట నేయించుకొని వ్యాపారము సాగించుకొనిరి. ఒకే యింటి అన్న బొంబాయిలో పస్తుండగా, తమ్ముడు భివండిలో ఆ అన్న పనిచేసిన మిల్లుకే బట్ట నేసియుండవచ్చును. తమ్ముని నిందించుటకు మాకు నోరాడదు. దినమునకు పండ్రెండు గంటలు, మీటర్ల లెక్కన కూలి, అడుగుటకు సంఘము లేదు - ఆ షెడ్లలో నాతని స్థితి యది. మిల్లు కార్మికునకు చట్టము తప్పు ప్రతినిధినిచ్చినది. షెడ్డు కార్మికునకు ప్రతినిధియే లేడు.

పిదప మిల్లుల నేలపై కన్ను పడినది. నగరము నడుమ సుమారు 600 ఎకరములు! 1991 నాటి నిబంధనల ప్రకారము ఆ భూమిలో మూడవ వంతు బహిరంగ స్థలములకు, మూడవ వంతు గృహనిర్మాణమునకు, మిగిలినది యజమానికి చెందవలెను. 2001లో రాష్ట్రప్రభుత్వము నిబంధనను సవరించి, కట్టడములు లేని ఖాళీ జాగాకు మాత్రమే ఈ పంపకము వర్తించునని తేల్చెను. షెడ్లున్న నేల యజమానులకు మిగిలెను. 2006లో సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. ఫీనిక్సు మిల్లు చోట నేడు బ్రహ్మాండమైన బజారున్నది. కార్మికులకును నగరమునకును రావలసిన భూమి ఒక కలపు గీతతో కుంచించుకొనిపోయినను, దీనిని గాలివానతో పోల్చినవారిని మేమెరుగము.

సమ్మెను విరమించుచున్నట్లు నేటి వరకెవరును లాంఛనముగ ప్రకటింపలేదు. 1997 జనవరి 16న సామంతు బొంబాయిలో హత్య గావింపబడెను. 2012లో మిల్లు భూములలో కట్టిన ఇండ్లకు లాటరీ తీసిరి. ఇండ్లు ఏడువేలకు లోపు. దరఖాస్తులు లక్షకు మించినవి. దరఖాస్తుదారులలో పలువురు నాటి కార్మికుల వారసులు.